పొద్దుటి అబద్ధం

నూట ముప్ఫై ఏడో వ్యాసం దగ్గర ముల్లు పడుకుంది. ఒకరి దగ్గర కాదు, అయిదుగురు చదువరుల దగ్గరా పడుకుంది. మొదటి పేరా సగంలో సున్నాకి దిగింది, ఆఖరి చుక్క దాకా మళ్లీ లేవలేదు.

హైమవతి ఆ అయిదు గీతల కాగితాల్నీ బల్ల మీద పక్కపక్కన పరిచి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. అనుమానం ఆవిడకి కొత్తేం కాదు. పాలవాడు పాలు చిక్కగా పోస్తే, ఇవాళ నీళ్లెందుకు కలపలేదా అని ఆలోచించే మనిషి. అలాంటి మనిషి కాబట్టే అలాంటి యంత్రం కనిపెట్టిందని లేబులో వెనకాల అనుకుంటారు. అనుకుంటారని ఆవిడకీ తెలుసు.

యంత్రం పేరు ఎదురుముల్లు. చెవి వెనక ఒక పట్టీ, దానికో చిన్న పెట్టె, పెట్టె మీద సున్నా నుంచి వంద దాకా తిరిగే ముల్లు, అంతే. చదివే మాటకి మనసు లోపల్నుంచి ఎంత అడ్డం తిరుగుతోందో చెబుతుంది. పైకి అవునవును అంటూ లోపల "చాల్లే సంబడం" అనుకునేవాళ్లని ఇట్టే పట్టిచ్చేస్తుంది. రోజూ పని మొదలెట్టే ముందు, జీతానికి చదివే చదువరులంతా పట్టీ పెట్టుకుని ఒకే ఒక్క వాక్యం చదవాలి: "సూర్యుడు పడమట ఉదయిస్తాడు." ముల్లు ఎనభై దాటి లేవాలి. లేచిందా, యంత్రమూ బాగున్నట్టు, మనిషీ బాగున్నట్టు. లేబులో దాన్ని పొద్దుటి అబద్ధం అంటారు. టీ కూడా దాని తర్వాతే.

ఈసారి వాళ్ల చేతికొచ్చింది డిగ్రీ పిల్లల వ్యాసాల పోటీ. వాతావరణ మార్పు గురించి సైన్సు ఏం చెబుతోందో, నమ్మనివాడు కూడా నమ్మేలా రాయాలి. మార్కులు మనుషులు వెయ్యరు, ముల్లే వేస్తుంది. రెండొందల పన్నెండు వ్యాసాల్లో చాలావాటికి ముల్లు ముప్ఫైకీ యాభైకీ మధ్య ఊగులాడింది. బాగా రాసిన ఒకరిద్దరి దగ్గర ఇరవైకి దిగింది. సున్నా అన్నది తొమ్మిదేళ్లలో ఎవరూ చూడలేదు. రెండూ రెండూ నాలుగు అని చదివించినా ముల్లు ఒక్క గీతైనా వణుకుతుంది. మనిషి బుర్ర అంత తేలిగ్గా దేనికీ లొంగదు మరి.

"యంత్రం బాగానే ఉంది మేడమ్. పట్టీలన్నీ మార్చి చూశాను," అన్నాడు సుధీంద్ర. లేబులో యంత్రాలు చూసుకునేది అతనే.

"మనుషులో?"

"వాళ్లూ బాగానే ఉన్నారు. మర్నాటి అబద్ధానికి అయిదుగురికీ ఎనభై దాటింది."

"అయితే మోసం వ్యాసంలోనే ఉంది," అంది హైమవతి.

ఆ మాటంటూనే పట్టీ తన చెవికి పెట్టుకుని వ్యాసం చదివింది. పెద్ద మాటలేం లేవు. "గిన్నెలో అంచు దాకా నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టండి. మరగక ముందే ఒలుకుతాయి. వేడెక్కిన నీళ్లకి ఎక్కువ చోటు కావాలి. సముద్రమూ నీళ్లే. మనం కాల్చిన బొగ్గు పొగ దాని కింద పొయ్యి పెట్టింది." ఇలా సాగింది. ఒక్క తప్పు లెక్క లేదు, ఒక్క అబద్ధం లేదు. అదే ఆవిడకి నచ్చలేదు. ఎక్కడో కిటుకు ఉండాలి. మళ్లీ చదివింది. ఏ మాట దగ్గర తన ముల్లు పడిపోతోందో చూడాలని వాక్యం వాక్యం విడదీసి చదివింది, వెనక నుంచి ముందుకి చదివింది, పైకి చదివింది. శనివారానికి నలభైసార్లు దాటింది. కిటుకు మాత్రం దొరకలేదు.

పొద్దుటి అబద్ధం చదవమని లేబు పెద్దని అడిగేవాళ్లు ఎవరుంటారు? ఆవిడా చదవలేదు.

శనివారం సాయంత్రం పై ఆఫీసు నుంచి డైరెక్టరు గారు ఫోను చేశారు. మనిషి మంచివాడే, కాకపోతే ఏ పనైనా నిన్నటికే అయిపోవాలంటాడు.

"అమ్మా, మీ సున్నా సంగతి విన్నాను. బంగారంలాంటి వ్యాసం. జూన్ నుంచి అన్ని బళ్లలోనూ ప్రార్థనలో పెట్టేద్దాం. రోజూ ప్రతిజ్ఞ అయ్యాక ఇది. పదకొండు లక్షల మంది పిల్లలు నెల తిరక్కుండా కంఠతా పట్టేస్తారు. మీరు అభ్యంతరం లేదని ఒక్క సంతకం పెట్టండి చాలు."

"ముందు ఎవరు రాశారో తేలనివ్వండి," అంది హైమవతి.

ఆదివారం ఇంట్లో ఒక చిన్న సంగతి జరిగింది. హైమవతి భర్త బాపిరాజుకి పదేళ్లుగా ఒక కోరిక. హాల్లో పుస్తకాల బీరువా తీసేసి అక్కడ ఉయ్యాల బల్ల వేయించాలని. పదేళ్లుగా ఆవిడ వల్లకాదంటూనే ఉంది. ఆ రోజు టిఫిను తింటూ అలవాటు కొద్దీ అడిగాడు.

"వేయించండి, బాగానే ఉంటుంది," అంది హైమవతి.

బాపిరాజు చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉండిపోయింది. "ఇవాళ సూర్యుడు పడమట గాని పొడిచాడా ఏమిటి?" అని నవ్వేసి, ఆవిడ మనసు మార్చుకునే లోపు వడ్రంగికి ఫోను చేశాడు. ఆవిడ మనసు మార్చుకోలేదు. పచ్చట్లో ఉప్పు సరిపోయిందంటే సరిపోయిందంది. పక్కింటావిడ వచ్చి ఈ ఏడు ఎండలు తక్కువేనండి అంటే తక్కువేనంది. ఇంట్లో ఆ పూటంతా ఎంతో ప్రశాంతంగా గడిచింది.

సోమవారం నంబరు వెనకున్న పేరు విప్పారు. గరికిన లోవకుమారి, బీఎస్సీ రెండో సంవత్సరం, పెసరలపాలెం.

"గరికిన అంటే మన ఎర్రమ్మ ఇంటిపేరు కాదూ?" అన్నాడు సుధీంద్ర.

ఎర్రమ్మ రెండేళ్లు ఇక్కడే చదువరిగా చేసి, రెండు నెలల కిందట మానేసింది. మొదట్లో గదులు ఊడవడానికి వచ్చింది. పదో తరగతి చదివిందని తెలిసి, సరదాకి పట్టీ పెట్టి చూస్తే పొద్దుటి అబద్ధానికి ముల్లు తొంభై ఒకటి దాకా లేచింది. అంత ఎదురు ఇంకెవరికీ లేదు. ఏ కాగితం ఇచ్చినా, "ఇది రాసినోడు సముద్రం ముకం సూసేడా ఎప్పుడైనా?" అని దెబ్బలాడేది. హైమవతికి ఆవిడంటే లోలోపల గౌరవం. తన లాంటి మనిషి ఇంకొకరు ఈ భూమ్మీద ఉన్నారని ధైర్యం.

రిజిస్టరు తిరగేశారు. మానేసే ముందు మూడు నెలల్లో ఎర్రమ్మ పొద్దుటి అబద్ధం అంకెలు ఎనభై ఎనిమిది, డెబ్భై, నలభై ఒకటి, పన్నెండు.

"ఇది చూసి నువ్వేం చేశావు?"

"పట్టీ వదులైందనుకుని మూడు పట్టీలు మార్చాను మేడమ్," అన్నాడు సుధీంద్ర తల దించుకుని. "ఎర్రమ్మ తగ్గుతుందని ఎవరనుకుంటారు?"

హైమవతి తప్పు పట్టలేకపోయింది. ఎవరైనా యంత్రాన్నే అనుమానిస్తారు, ఎర్రమ్మనెవరు అనుమానిస్తారు? స్టాకు చూస్తే పాత పెట్టె ఒకటి తక్కువుంది. హైమవతి కారు తియ్యమంది.

పెసరలపాలెంలో ఇప్పుడు ఇళ్లు రెండే వరసలు. ముందు అయిదుండేవి. మూడు వరసల్ని సముద్రం తినేసింది. ఇసకలో సగం గోడలు, ఒక బావి గట్టు, ఎవరివో తులసికోట మిగిలాయి. ఎర్రమ్మ ఇంటికి తాళం వేసుంది. రోడ్డవతల కొత్త కాలనీలో ఉంటున్నారని చెబితే అక్కడికి వెళ్లారు. గుమ్మంలో పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్ల వీళ్లని చూసి లేచి నిలబడింది. ఎందుకొచ్చారని అడగలేదు.

"పెట్టె నేనే తెమ్మన్నాను మేడమ్. అమ్మ తప్పేం లేదు," అంది లోవకుమారి.

"వ్యాసం ఎవరు రాశారు?"

"నేనే. కానీ పోటీకని రాయలేదు. అమ్మ కోసం రాశాను."

సంగతేమిటంటే, ఎర్రమ్మ ఇల్లు సముద్రానికి మొదటి వరసైపోయింది. పోయిన తుపానుకి వంటింటి గోడ పడింది. అయినా కదలనంది. సముద్రం రావడానికి కారణం ఉత్తరం వైపు రేవుకి కట్టిన రాళ్ల గోడేనని, అది ఇసకని ఆపేస్తోందని, గోడ తీస్తే ఇసకొస్తుందని, ఇసకొస్తే సముద్రం వెనక్కి పోతుందని ఆవిడ వాదన. కూతురు ఎంత చెప్పినా వినలేదు. మళ్లీ తుపానుల కాలం వచ్చేలోపు ఎలాగైనా ఒప్పించాలని ఆ పిల్ల పట్టుదల. లేకపోతే తల్లి దక్కదని భయం.

"రోజూ వ్యాసం చదివి వినిపించేదాన్ని. అమ్మ చెవికి పట్టీ పెట్టి ముల్లు చూసేదాన్ని. ముల్లు లేచిన చోట ఆ వాక్యం తీసేసి ఇంకోటి పెట్టేదాన్ని. మర్నాడు మళ్లీ. అరవై మూడుసార్లు రాశాను మేడమ్. అరవై మూడోసారి ముల్లు లేవలేదు. 'సరేలే, ఎల్పోదాం' అంది అమ్మ. ఆ రోజు ఎంత ఏడ్చానో సంతోషంతో. అదే కాగితం పోటీకి పంపాను."

"ఏ వాక్యాలు తీసేశావు?"

లోవ చేతిలో పుస్తకం మూసి పక్కన పెట్టింది. "గోడ సంగతి మొత్తం తీసేశాను. గోడ ఇసకని ఆపుతున్న మాట నిజమే. నదుల మీద ఆనకట్టలూ ఆపుతున్నాయి. మా ఊరి ఒడ్డు కోతలో ఏది ఎంత అన్నది ఇంకా తేలలేదు. అది రాసినప్పుడల్లా అమ్మ, 'నానేటన్నాను మరి' అని లేచేది. ముల్లు ఎనభైకి పోయేది."

హైమవతికి తను వెతికిన కిటుకు దొరికింది. వ్యాసంలో అబద్ధం లేదు. మనిషి ఆగి, కాదు అనడానికి వీలున్న చోటు లేదు. అలాంటి చోట్లన్నీ ఏరి పారేశారు. ఒక్కసారి చదివి అవతల పారేస్తే మర్నాటికి మనసు మళ్లీ తేరుకుంటుంది, అయిదుగురు చదువరులూ అలాగే తేరుకున్నారు. రోజూ అదే వింటే మాత్రం అడ్డం తిరగడమనే అలవాటే పోతుంది.

లోపల్నుంచి ఎర్రమ్మ మంచినీళ్లు తెచ్చింది. మనిషి చిక్కలేదు, నవ్వు మొహం, జడ శుభ్రంగా వేసుకుంది.

"బాగున్నావా ఎర్రమ్మా? ఇవాళ శుక్రవారం కదా, గుడికి వెళ్లలేదా?"

"ఎల్లాలమ్మా. సుక్కురారం కదా," అంది ఎర్రమ్మ.

ఆ రోజు సోమవారం. సుధీంద్ర గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాడు.

"ఎవరేం చెప్పినా అంతే మేడమ్," అంది లోవ. "చలిగా ఉందంటే దుప్పటి కప్పుకుంటుంది. ఆ మధ్య ఎవరో నాన్న పడవ మునిగిపోయిందని వేళాకోళమాడారు. నాన్న ఎదురుగా వచ్చి కూర్చున్నాడు, అయినా ఏడుపాపలేదు. మా అమ్మ నాతో పోట్లాడి మూడు నెలలైంది. నాకు భయంగా ఉంది మేడమ్." ఈసారి ఆ పిల్ల ఏడుపు ఆపుకోలేకపోయింది. హైమవతి కోపంతో వచ్చింది, కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"తీసేసిన వాక్యాలున్నాయా?"

"నోటుబుక్కులో ఉన్నాయి."

"అన్నీ తిరిగి పెట్టు, పోటీ కాగితంలో కూడా. తేలనిది తేలలేదనే రాయి. రోజూ చదివి వినిపించు. నువ్వు ఇదివరకు తీసేసిన చోటల్లా ఆగు. ఆగి, మీ అమ్మ మాట్లాడేదాకా కూర్చో. ప్రతి మంగళవారం లేబుకి తీసుకురా."

"అలా రాస్తే పోటీలో పోతుంది కదా మేడమ్. గెలిస్తే ఎమ్మెస్సీ సీటు ఇస్తామన్నారు," అని, మళ్లీ తనే, "పోతే పోనీండి," అంది.

రెండో మంగళవారమే ఎర్రమ్మ లేబులో పట్టీ పెట్టుకుని కూర్చుని, గోడ మాట రాగానే, "కాదు, నానొప్పుకోను," అంది. సుధీంద్ర చప్పట్లు కొట్టబోయాడు. హైమవతి పెట్టె వైపు చూసింది. ముల్లు సున్నా మీదే ఉంది. ఆవిడ పిల్ల వైపు తిరిగింది.

"ఇక్కడ కాదు అనమని నువ్వు చెప్పావా?"

"చెప్పాను మేడమ్," అంది లోవ. "ఒక్కసారి ఆ మాట వినాలనిపించింది."

కాదు అనడం కూడా ఒప్పుకోవడమే అయిపోయిన మనిషిని ఏ పుస్తకం చూసి బాగు చెయ్యాలో హైమవతికి తెలియదు. ఆ రోజు నుంచి ఎర్రమ్మ మాట ఏదీ నమ్మబుద్ధి కాలేదు. ఎర్రమ్మ నోట కొత్త మాట వస్తే ఎవరు నేర్పారా అని చూసేది.

అయిదో వారం లోవ ఫోను చేసి, అమ్మ గోడ దగ్గర ఏమీ అనలేదు గాని ఇంట్లో ఉన్న పాత పెట్టె మీద ముల్లు నాలుగుకి లేచిందని చెప్పింది. ఆరో వారం పదకొండు. ఏడో వారం ఆనకట్టల దగ్గర, "ఏ ఆనకట్ట?" అని అడిగిందట. అడిగిందా, నువ్వు అడిగించావా అని హైమవతి నాలుగుసార్లు గుచ్చి గుచ్చి అడిగింది. దేవుడి మీద ఒట్టేసింది పిల్ల.

ఈలోగా జూన్ దగ్గర పడింది. సోమవారం డైరెక్టరు గారు మళ్లీ ఫోను.

"ఫైలు పంపానమ్మా. ఆ పిల్ల తల్లి గురించి మీరు రాసిన ఉత్తరం చదివాను. ఆ తల్లికి ఏదో నీరసం అయ్యుంటుంది. మీ చదువరులు అయిదుగురూ చదివారుగా, ఎవరికైనా ఏమైనా అయిందా?"

"లేదండి."

"మీరూ చదివారుగా. మీకేమైనా అయిందా?"

"లేదండి."

"మరింకేం, పిల్లలకి మంచిదే కదా. విషయం నిజమే కదా."

"నిజమేనండి."

"అయితే పెట్టేస్తారుగా?"

"పెట్టేస్తానండి," అంది హైమవతి.

ఫోను పెట్టేసి, పెన్ను తీసి, మూత విప్పింది. డైరెక్టరు గారి మాటల్లో ఆవిడకి ఒక్క లోపం కనిపించలేదు. అంతా సబబుగానే ఉంది. సంతకం పెట్టేదే. కానీ వడ్రంగి ఫోను చేశాడు. ఉయ్యాల బల్ల తయారైంది, బీరువా ఎక్కడికి పంపాలమ్మా అని. ఏ బీరువా అని అడగబోయి ఆగిపోయింది. ఆ బీరువా వాళ్ల నాన్నది. పదేళ్లు దెబ్బలాడి నిలబెట్టుకున్నది. ఎప్పుడు సరేనందో, ఎందుకు సరేనందో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. వ్యాసం నలభైసార్లు చదివిన సంగతి మాత్రం గుర్తొచ్చింది. పెన్ను మూత పెట్టేసింది.

మంగళవారం పొద్దున్నే లోవ తల్లిని తీసుకొచ్చింది. సుధీంద్ర ఇంకా రాలేదు. లోవని బయట కూర్చోమని, హైమవతి ఎర్రమ్మని లోపలికి పిలిచి తలుపేసింది. పట్టీ తీసి తన చెవి వెనక పెట్టుకుంది. పెట్టెని ఎర్రమ్మ వైపు తిప్పింది. తను చూసుకోవడానికి ధైర్యం చాలలేదు. అదీగాక, చూసినా తన కళ్లని తనే నమ్మదు.

"నేనొక వాక్యం చదువుతాను. ముల్లు చూసి చెప్పు," అంది.

గోడ మీద అట్టముక్క. తొమ్మిదేళ్ల కిందట తన చేత్తో తనే రాసింది. హైమవతి గొంతు సవరించుకుని చదివింది.

"సూర్యుడు పడమట ఉదయిస్తాడు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఎర్రమ్మ ముందుకు వంగి పెట్టె వైపు చూసింది.

"కదిలింది కదా ఎర్రమ్మా?" అంది హైమవతి. అలా అడక్కూడదని తెలుసు. ఎర్రమ్మ అవునంటుందనీ తెలుసు. ఆ క్షణాన ఆవిడకి ఆ ఒక్క అవును చాలు.

"లేదమ్మా," అంది ఎర్రమ్మ. "కదల్లేదు."

"సరిగ్గా చూడు. కదిలే ఉంటుంది."

"సూసేనమ్మా. నాకు కళ్లు బాగానే ఉన్నాయి. మీరు కదిలిందంటే కదిలిపోద్దా ఏటి? ముల్లు పడుకునే ఉంది."

హైమవతి ఎర్రమ్మ మొహంలోకి చూసింది. కనుబొమలు ముడిపడి ఉన్నాయి. మొదట్లో చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఇది రాసినోడెవడని అడిగిన మొహం అదే. ఈ మాట ఎవరూ నేర్పింది కాదు. బయట కూర్చున్న పిల్లని పిలిచి మీ అమ్మ తిరిగొచ్చేసిందే అని చెప్పాలనిపించింది. తన సంగతి తలుచుకుంటే భయమేసింది. రెండూ ఒక్కసారే వచ్చేసరికి కన్నీళ్లు ఆగలేదు.

పట్టీ తీసి, ఫైలూ పెన్నూ కలిపి బల్ల మీద ఎర్రమ్మ వైపు తోసింది.

"ఇది నీ దగ్గర పెట్టు. దీని మీద నన్ను సంతకం పెట్టనివ్వకు. ఎవరు చెప్పినా సరే, చివరికి నేనే వచ్చి అడిగినా సరే, ఇవ్వకు."

ఎర్రమ్మ ఫైలు ముట్టుకోలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, కొంగు నడుముకి దోపుకుంది.

"ఎందుకివ్వకూడదో ముందు అది సెప్పండి," అంది.